ఆరో కిటికీలో కొత్తపిల్లకి

కుర్చీ కొంచెం ముందుకు లాక్కో యెసేనియా,
దాని ఎడమకాలు కుంటిది.
అద్దం మీద ఆ పసుప్పచ్చ కాగితం చించకు.
"జూదం మిమ్మల్ని ఆడిస్తోందా? ఫోన్ చేయండి" అని
నెబ్రాస్కా ప్రభుత్వమే అంటించింది.
చివరి రెండంకెలూ ఎండకి ఎగిరిపోయాయి.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

విన్ అంటే మొదట రావాలి.
ప్లేస్ అంటే మొదటో రెండో.
షో అంటే మూడులోపు ఎక్కడున్నా సరే.
పిరికివాళ్ళ పందెం అంటారు దాన్ని,
నేనైతే కాపురం చేసేవాళ్ళ పందెం అంటాను.

ఆ బోర్డు మీద రేట్లు మనం రాసేవి కావు,
జనం భయాలే అలా అంకెలై వెలుగుతాయి.
అందరూ ఒకే గుర్రం వెనక పడితే దాని పేరు ఫేవరిట్.
గెలిస్తే కాఫీకి సరిపోతుంది.
మూడింట రెండుసార్లు కాఫీ కూడా రాదు.

డాలరుకి పద్దెనిమిది సెంట్లు
గేటు తెరవకముందే కోత.
మైదానం గెలవక్కర్లేదు, చూశావా,
మైదానం పరిగెత్తదు కూడా.
ఇంకో చిల్లర సంగతి ఉంది, తర్వాత చెప్తాను.

మెయిడెన్ అంటే నవ్వకు,
ఒక్క పందెమూ గెలవనిది, అంతే.
ట్యూస్‌డే లాండ్రీ అని ఒక గోధుమరంగు ఆడగుర్రం,
ముప్పై ఒక్క పరుగులు, ముప్పై ఒక్క ఓటములు.
పేపర్లో ఎప్పుడూ అడుగున,
"ఇవి కూడా పరిగెత్తాయి" అన్న వరసలో.
సాకేవాడు లాడ్ కూబిచెక్.
తెల్లారకముందే దాని కాళ్ళకి మట్టిపట్టు వేస్తుంటే
గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావని లాయమంతా నవ్వేది.
"గుడ్డిదైనా దాణా తప్పుతుందా" అనేవాడు.
నిజానికి దాని చూపు శుభ్రంగానే ఉండేది.
ప్రతిసారీ ఈ కిటికీకే వచ్చి
రెండు డాలర్లు, షో.
నోట్లు తడిగా, గుర్రం చెమట వాసన.

ఇప్పుడు క్లెయిమింగ్ అని రాసుకో.
ఆ పందెంలో ప్రతి గుర్రం మెడలో
కనపడని ధరచీటీ వేలాడుతుంది.
పావుగంట ముందు నాలుగువేలు కట్టి
పెట్టెలో కాగితం వేస్తే చాలు,
గేటు తెరుచుకున్న క్షణం నుంచి గుర్రం నీది.
కాలు విరిగినా నీదే.
గెలిచిన బహుమతి మాత్రం పాత యజమానికి.
సాకినవాడికి ఆ కాగితంలో గడి లేదు.

ఆ ఆదివారం పద్నాలుగుకి ఒకటి.
లాడ్ వచ్చి రెండు డాలర్లు పెట్టి "విన్" అన్నాడు.
షో బటన్ మీంచి వేలు తీసి మళ్ళీ అడిగాను.
"విన్."
పెట్టెలోది రహస్యం అంటారు.
లాయంలో రహస్యమంటే పదకొండు మందికి తెలిసినది.

ఫర్లాంగంటే పాతకాలపు నాగటిచాలు పొడవు,
ఎద్దు ఆగి ఊపిరి తీసుకునేంత దూరం.
అలాంటివి ఆరు.
ఐదు చాళ్ళూ లాండ్రీ మామూలుగా ఏడోదే.
ఆరోదానిలో ఏమైందో నేను చూడలేదు,
ఇక్కడినుంచి జనం వీపులే కనిపిస్తాయి.
ముక్కు తేడా, ఫోటో చూడాలన్నారు.
నాలుగు నిమిషాలు ఊరంతా ఊపిరి బిగబట్టింది,
గుర్రాలకి మాత్రం ఎప్పుడో అయిపోయింది.

లెక్కప్రకారం ముప్పై ఒకటి డాలర్ల యాభై ఎనిమిది.
బోర్డు మీద ముప్పై ఒకటి నలభై.
ఇదే ఆ చిల్లర, బ్రేకేజ్ అంటాం.
కిందికి తుంచుకోమని చట్టమే చెప్పింది.

కొత్తవాళ్ళు కొత్త తాడుతో వచ్చారు.
లాడ్ పాత తాడు విప్పి
చేతికి చుట్టుకుంటూ, చుట్టుకుంటూ,
అంత పొడుగు తాడు కాదది.

టికెట్ మార్చుకోలేదు.
అలా మిగిలినవి ఔట్స్, బయట ఉండిపోయినవి.
గడువు దాటితే ప్రభుత్వానివి.
ప్రతి సోమవారం లిస్టులో
ముప్పై ఒకటి నలభై నన్ను చూసేది.
మార్చిలో లేదు.

ఇప్పుడు ఇంకో గుర్రప్పిల్లని సాకుతున్నాడు.
మూడో పందేనికి ముందొస్తాడు.
ఏ పందెమో నువ్వే అనుకోకు, అడుగు.
నోటు తడిగా ఉంటుంది,
తుడిచి సొరుగులో పెట్టు.